చిన్న విమానాశ్రయముల కష్టసుఖములు

వరంగల్లు చెంతనున్న మామునూరు విమానాశ్రయమును పునరుద్ధరించుటకు 2025వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన కేంద్రప్రభుత్వము అనుమతి యొసగెను. అంతకుముందే, 2024 నవంబరులో, తెలంగాణ ప్రభుత్వము అచ్చట 253 ఎకరముల భూసేకరణమునకు 205 కోట్ల రూపాయలు మంజూరు చేసియుండెను. నాలుగు దశాబ్దములకు పైగా ఆకాశమువంక చూచుచు కూర్చున్న ఓరుగల్లు పురజనులు ఈ వార్త విని సంతసించిరనుటలో వింత లేదు. సంతోషింపదగిన విషయమునకు సంతోషింపవలసినదే. కాని విమానము మామునూరునకు ఎన్నడు వచ్చునని అందరును అడుగుచున్నారు. వచ్చిన విమానము అచ్చట నిలుచుట యెట్లని అడుగువారు అరుదుగా నున్నారు. గడచిన పదేండ్ల తెలుగునాటి యనుభవమును బట్టి చూడగా, మొదటి ప్రశ్నకంటె రెండవ ప్రశ్నయే ముఖ్యమైనదని మాకు తోచుచున్నది.

ఆకాశయానము మనవారికి క్రొత్త గాదు. 1932 అక్టోబరులో టాటాల తొలి తపాలా విమానము బొంబాయినుండి మద్రాసునకు పోవుచు త్రోవలో బళ్లారియందు దిగెను. మామునూరు విమానాశ్రయము 1930లో నిజాము పాలనమున వెలసినది. 1945లో నిజాము ప్రభుత్వమును టాటాలును కలిసి డెక్కన్ ఎయిర్వేస్ అను సంస్థను నెలకొల్పగా, బేగంపేటనుండి డకోటా విమానములు దేశమందలి ముఖ్యనగరములకు రాకపోకలు సాగించినవి. 1953లో వైమానిక సంస్థలను జాతీయము చేసినపుడు ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమైపోయినది. ఏక సంస్థ యేర్పడినది. అది సహజముగనే మహానగరములవైపు మొగ్గినది. చిన్నపట్టణముల కొరకు 1981లో వాయుదూత్ అను మరియొక ప్రభుత్వసంస్థను పుట్టించిరి. చిన్న విమానములతో చిన్న యూళ్లకు పోవుట దాని ధర్మము. అది పండ్రెండేండ్లు బ్రతికి, నష్టములపాలై, 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయినది. మామునూరు అంతకుముందే మూతబడినది. నాటినుండి నేటివరకు చిన్న విమానాశ్రయముల చరిత్రయంతయు ఒకే కథగా నున్నది. ప్రారంభోత్సవము, పూలదండలు, కొంతకాలము రాకపోకలు, పిదప నిశ్శబ్దము.

ఈ కథ యేల మరల మరల జరుగుచున్నదో తెలియవలెనన్న ముందు పెద్ద విమానాశ్రయమును చూడవలెను. శంషాబాదు ప్రక్కనున్న తొండుపల్లియొద్ద, వలయరహదారి సమీపమున, ఒక్క గడియ నిలిచి వచ్చిపోవు వాహనములను కనిపెట్టిన చాలును. కరీంనగరమునుండి, ఖమ్మమునుండి, నల్లగొండనుండి, పాలమూరునుండి కుటుంబములకు కుటుంబములే వచ్చుచుండును. అమెరికాకు పోవు పిల్లవాడొకడు, వానిని సాగనంపు బంధువులు పదిమంది, ఊరగాయ జాడీలతో నిండిన పెట్టెలు నాలుగు. అందు చాలమంది తెల్లవారుజామున విమాన మెక్కుటకై ముందునాటి రాత్రియే యిల్లు విడిచినవారు. ఒకప్పుడు మెట్టపైరులు పండిన ఈ నేలమీద నేడు రాత్రియు పగలును లేదు. 2008 మార్చి 14న ప్రారంభోత్సవము జరిగి, అదే నెల 23వ తేదీనుండి శంషాబాదు విమానాశ్రయము పనిచేయసాగెను. ఆనాటితో బేగంపేటనుండి సామాన్యప్రయాణికుల రాకపోకలు నిలిచిపోయెను. సుమారు 5,500 ఎకరముల విస్తీర్ణము, 4,260 మీటరుల రన్‌వే, 2024-25 సంవత్సరములో సుమారు 2 కోట్ల 90 లక్షలమంది ప్రయాణికులు. ఇది గర్వింపదగిన వైభవమే. కాని 2025 నాటికి తెలంగాణ రాష్ట్రమంతటికిని నియతముగా ప్రయాణికుల విమానములు దిగు చోటు ఇదియొక్కటియే యనుట గర్వకారణము గాదు.

దీనికి మూలము 2004 డిసెంబరునాటి యొడంబడికలో కలదు. శంషాబాదునుండి 150 కిలోమీటరుల దూరములోపల, ఆ విమానాశ్రయము తెరచిన నాటినుండి ఇరువదియైదు సంవత్సరములవరకు, దానికి పోటీగా మరియొక విమానాశ్రయము తలయెత్తరాదను నిబంధన అందు చేర్చబడినది. నిర్మాతల పక్షమున చెప్పదగిన న్యాయము లేకపోలేదు. వేలకోట్లు అప్పు తెచ్చి, ఊరికి దూరముగ, జనులు వత్తురో రారో తెలియని చోట విమానాశ్రయము కట్టువాడు, తాను పెట్టిన పెట్టుబడి తిరిగి వచ్చువరకు కొంత రక్షణ కోరుట వర్తకధర్మమే. ఆ రక్షణ లేకున్న శంషాబాదు ఇంత త్వరగ వెలసెడిది కాదేమో. కాని మర్రినీడను మొక్క యెదుగదని మనవారందురు. వరంగల్లు ఆ గీటులోపలనే యున్నది. బీదరు కోటయు ఆ గీటులోపలనే యున్నది. నగరమునకు కల్పించిన రక్షణకు జిల్లాలు సుంకము చెల్లించినవి.

బీదరు సంగతియే చూడుడు. అది నేడు కర్ణాటకమున నున్నను ఒకనాటి హైదరాబాదు రాజ్యభాగము. అచ్చటి సంతలలో తెలుగు వినబడుచుండును. వాయుసేనకు చెందిన రన్‌వే అచ్చట ముందునుండియే కలదు. ప్రయాణికుల భవనము కట్టి యుంచిరి. ఐనను 150 కిలోమీటరుల నిబంధన యడ్డువచ్చి యేండ్ల తరబడి ఆ భవనము నిరుపయోగమైయుండెను. శంషాబాదు నిర్వాహకులు తమకు అభ్యంతరము లేదని తెలుపగా, 2020 ఫిబ్రవరి 7న బెంగుళూరునకు విమానము సాగెను. పిదప నది నిలిచెను. 2022లో మరియొక సంస్థ వచ్చెను. 2023 డిసెంబరులో అదియు నిలిచెను. 2025 ఏప్రిలులో మరల సాగెను. ఐదేండ్లలో మూడు ప్రారంభములు, రెండు విరామములు! ఇందువలన మనము గ్రహింపవలసినదేమనగా, నిబంధన తొలగుట అవసరమేగాని, అది తొలగినంతమాత్రమున విమానము నిలువదు. మామునూరు విషయమునను నిర్వాహకులు తమ హక్కును సడలించుటచేతనే నేటి యనుమతి సాధ్యమైనది. తలుపు తెరువబడినది. లోపల దీపము వెలుగుట వేరు సంగతి.

చిన్నపట్టణములకు విమానములు నడిపించుటకై కేంద్రప్రభుత్వము 2016 అక్టోబరులో ఉడాన్ అను పథకమును ప్రకటించెను. దేశమందలి సామాన్యపౌరుడును ఎగురవలెననుట దాని పేరిలోని యర్థము. ఆనాడు పౌరవిమానశాఖ మంత్రి మన విజయనగర వాస్తవ్యులగు అశోక్ గజపతిరాజుగారు. సుమారు గంట ప్రయాణమునకు సగము సీట్లు 2,500 రూపాయలకు మించని ధరకు అమ్మవలెను. అందువలన సంస్థకు వచ్చు లోటును మూడు సంవత్సరములపాటు ప్రభుత్వము పూడ్చును. ఆ సొమ్ములో ఎక్కువభాగము పెద్దనగరముల నడుమ తిరుగు విమానములపై విధించు రుసుమునుండి వచ్చును. ఐదవవంతు రాష్ట్రప్రభుత్వము భరింపవలెను. ఆ మూడేండ్లును ఆ మార్గమున ఆ సంస్థకే గుత్తాధికారము. విమానాశ్రయమున దిగుటకు చెల్లింపవలసిన రుసుము లేదు. విమానపు చమురుపై రాష్ట్రపు పన్ను నూటికి ఒక్క రూపాయి మించరాదు. యోచన మంచిదే. ఆచరణ యెట్లు జరిగినదో చూతము.

2017 ఏప్రిలు 27న ప్రధానమంత్రి నరేంద్రమోడీగారు ఈ పథకమును సిమ్లాయందు ప్రారంభించుచు, ఆ దినముననే కడప - హైదరాబాదు విమానమునకును, నాందేడు - హైదరాబాదు విమానమునకును పచ్చజెండా చూపిరి. దేశమునందే తొలి ఉడాన్ మార్గములలో రెండు శంషాబాదు ముంగిటికి వచ్చుట తెలుగువారి భాగ్యమనిరి. ఆ మార్గములను నడిపినది ట్రూజెట్ అను హైదరాబాదు సంస్థ, 2015లో పుట్టినది, డెబ్బది సీట్ల ఏ.టి.ఆర్. విమానములు దానివి. కడపవారికి అది తొలి యనుభవమును గాదు. 2015 జూన్‌లో కడప విమానాశ్రయమును నూతనముగ తెరచినపుడు ఎయిర్ పెగాసస్ అను బెంగుళూరు సంస్థ వచ్చెను. ఏడాదియైనదో లేదో, 2016 జూలైలో ఆ సంస్థయే మూతబడెను. ట్రూజెట్ వచ్చి కొన్నియేండ్లు నడిపి, 2022 ఫిబ్రవరిలో తానును ఆగిపోయెను. ఆ మార్చి చివర రాష్ట్రప్రభుత్వపు ధనసహాయముతో ఇండిగో వచ్చెను. ఏడేండ్లలో మూడు సంస్థలు! కడప ప్రజలు మారలేదు. వారి యవసరములు మారలేదు. హైదరాబాదునకు గల నాలుగువందల కిలోమీటరుల దూరమును మారలేదు. మారినది విమానముమీద రాసియున్న పేరు. ఒక్కొక్క మార్పునకు నడుమ ఏర్పడిన శూన్యములో ప్రయాణికుడు మరల రాత్రి బస్సునకును రైలునకును అలవాటుపడెను.

కర్నూలు కథ మరియొక తీరుది. ఓర్వకల్లు చెంత రాళ్లనేలమీద రెండువేల మీటరుల రన్‌వే వేసి, 2021 మార్చి 25న నాటి ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డిగారు విమానాశ్రయమును ప్రారంభించి, దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిరి. రేనాటి వీరుని పేరు తగినచోట నిలిచినది. ఆ నెల 28నుండి బెంగుళూరు, చెన్నపట్నము, విశాఖపట్టణములకు విమానములు సాగినవి. సహాయకాలము గడచుకొలది రాకపోకలు సన్నగిల్లినవి. 2025 జూలైలో విజయవాడకు వారమునకు మూడుదినములు నడచు విమానమును క్రొత్తగా ప్రారంభించిరి. రాజధానికి పని మీద పోవు కర్నూలువానికి ఇది మేలే. కాని కోర్టు వాయిదా విమానమును చూచుకొని పడునా? సోమవారము పని తగిలినవాడు బుధవారపు విమానముకొరకు కాచుకొనునా? వారమునకు మూడుదినములు తెరచు అంగడిలో సరకు ఎంత మంచిదైనను బేరములు సాగవు.

ఇవి మన ప్రాంతమునకే పరిమితమైన వైపరీత్యములు గావు. 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుంచబడిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక దేశమంతటి లెక్క తేల్చినది. పథకపు తొలి మూడు విడతలలో మంజూరైన 774 మార్గములలో 403 మార్గములందు విమానమే యెగురలేదు. ఎగిరిన 371 మార్గములలో మూడేండ్ల గడువు పూర్తిచేసినవి 112 మాత్రమే. సహాయము ఆగిన పిదపను 2023 మార్చి నాటికి నిలిచియున్నవి 54. అనగా మంజూరైన పదునాలుగింటిలో ఒకటి. విత్తనము చల్లిన రైతు పదునాలుగు గింజలకు ఒక్క మొలకను చూచినచో నేలను నిందించునా, విత్తనమును నిందించునా, తన సేద్యపు తీరును పరీక్షించుకొనునా? బుద్ధిమంతుడగువాడు మూడింటిని పరీక్షించును.

చిన్న యూళ్లలో ప్రయాణికులు లేరనుట తేలిక సమాధానము. అది సత్యమునకు సగమే. డెబ్బది సీట్ల విమానమును నింపుటకు కడపవంటి జిల్లాలో జనులు కరువా? లోపము నమ్మకములో నున్నది. చిన్న విమానాశ్రయమునకు అసలైన మూలధనము భవనము గాదు, రన్‌వే గాదు. కాలపట్టికపై ప్రజలకుండు విశ్వాసము. ఒక వర్తకుడు విమానమును నమ్మి ముంబయిలో బేరము కుదుర్చుకొనును. ప్రయాణమునాడు ఉదయమున 'నేటి విమానము రద్దయినది' యని సందేశము వచ్చును. రాత్రి దిగుటకు దీపములు లేనిచోట ఒక గంట యాలస్యమైన చాలును, విమానము రానే రాదు. పొగమంచు క్రమ్మినపుడు దారిచూపు యంత్రములు లేనిచోట విమానము ఊరిమీద చుట్టుతిరిగి వెనుకకు పోవును. మహానగరములో ఒక విమానము పోయిన రెండుగంటలలో మరియొకటి యుండును. ఇచ్చట పోయిన మరునాడో, మూడవనాడో. రెండుమారులు ఇట్లు చిక్కుకొన్నవాడు మూడవమారు రైలుటిక్కెట్టే కొనును. వాడు తన బంధువులకు చెప్పును. సీట్లు ఖాళీ యగును. సీట్లు ఖాళీగ నున్నవని సంస్థ విమానమును తగ్గించును. తగ్గించినకొలది నమ్మకము తగ్గును. రోగము దేనివలన పుట్టినదో దానినే మందుగ మ్రింగుట యిది.

ఐనను చిన్న విమానాశ్రయపు సుఖమెరిగినవాడు దానిని మరువలేడు. ఇంటినుండి బయలుదేరి అరగంటలో ద్వారముకడ నుండవచ్చును. వరుసలో నిలుచువారు ఇరువదిమంది. ప్రొద్దు ఎక్కకముందే తనిఖీ ముగియును. మెట్లవరకు నడచిపోయి విమాన మెక్కవచ్చును. ముసలివారికి మైళ్ల నడక లేదు. కొడుకు నగరమునుండి ఉదయమున వచ్చి, తల్లిని వైద్యునికి చూపి, సాయంకాలము తిరిగిపోవచ్చును. శంషాబాదులో ఈ సౌఖ్యము లేదు. అచ్చట భవనము గొప్పది, మనుష్యుడు చిన్నవాడు. వరంగల్లునుండి ఢిల్లీకి పోవువాని లెక్క చూడుడు. శంషాబాదు చేరుటకు మూడుగంటలు, విమానమునకు రెండుగంటలు ముందు. ఆకాశమున గడుపునది రెండుగంటల పైచిలుకు. ఎగురు కాలముకంటె నేలమీద వేచియుండు కాలము రెండింతలు. ఈ బాధను తొలగింపదగినది చిన్న విమానాశ్రయమే.

కాని ఇచ్చటనే యొక పొరపాటు జరుగుచున్నది. చిన్న విమానాశ్రయమనగా పెద్దదానికి ప్రయాణికులను మోసియిచ్చు కాలువ యని మన యధికారుల తలంపు. కడపకు ఇది కొంతవరకు సరిపోవును. దూర మెక్కువ గనుక. వరంగల్లునకు సరిపోదు. సికింద్రాబాదునుండి విశాఖపట్టణమునకు 2023 జనవరిలో ప్రారంభమైన వందేభారత్ రైలు వరంగల్లును సుమారు గంటన్నరలో చేరుచున్నది. అట్టియెడ వరంగల్లునుండి హైదరాబాదునకు విమాన మెక్కువాడెవడు? మామునూరునకు కావలసినది శంషాబాదునకు కాలువ గాదు. ఢిల్లీకి, ముంబయికి, బెంగుళూరునకు తిన్నని త్రోవ. అట్లయినగాని ఆ విమానాశ్రయమునకు స్వతంత్రమైన బ్రతుకు లేదు. రన్‌వే పొడవును, విమానముల పరిమాణమును, కాలపట్టికను మొదటినుండి ఈ దృష్టితోనే నిర్ణయింపవలెను.

దీనికి నిదర్శనము మన గోదావరి తీరమునందే యున్నది. రాజమహేంద్రవరము చెంత మధురపూడి విమానాశ్రయము ఒకప్పుడు మామునూరువలెనే మూగవోయియుండెను. 2007లో ఎయిర్ డెక్కన్ విమానములతో అది మరల కన్నుతెరచెను. 2012లో క్రొత్త భవనము వచ్చెను. పిదప రన్‌వేను 3,165 మీటరులకు పొడిగించిరి. ఈ మధ్యకాలములో కింగ్‌ఫిషరు 2012లోను, జెట్ ఎయిర్వేస్ 2019లోను, ట్రూజెట్ 2022లోను మూతబడినవి. మూడును రాజమండ్రికి వచ్చిన సంస్థలే. ఐనను ఒకటి పడిపోయినపుడు మరియొకటి మిగిలియుండుటచేత ప్రయాణికుని యలవాటు చెడలేదు. ఆ యలవాటే పెట్టుబడియై, 2024 డిసెంబరులో ముంబయికిని ఢిల్లీకిని పెద్ద విమానములు నేరుగ సాగినవి. వరియు, కొబ్బరియు, రొయ్యల చెరువులును, చమురు సహజవాయువుల పనులును గల సీమ యది. ధన మున్నది నిజమే. కాని ధనముతో పాటు ఎడతెగని సేవ యుండుటచేతనే అది నిలిచినది. కడపకు లభింపనిది అదియే.

ఒక్క సంస్థమీద ఆధారపడుట యెంత ప్రమాదకరమో 2025 డిసెంబరు మొదటివారమున దేశమంతయు చూచినది. దేశమందలి విమానప్రయాణికులలో నూటికి అరువదిమందికి పైగా ఇండిగో విమానములలోనే పోవుచుండిరి. విమానచోదకుల విశ్రాంతికాలమును గూర్చిన క్రొత్త నియమములకు తగినయేర్పాటులు లేక ఆ సంస్థ విమానములు వేలసంఖ్యలో రద్దయినవి. శంషాబాదులో జనులు పెట్టెలమీద తలలు వాల్చి రాత్రులు గడపిరి. మహానగరముననే అట్లుండగా, ఆ యొక్క సంస్థ తప్ప వేరు దిక్కులేని చిన్న విమానాశ్రయముల గతి వేరుగ చెప్పవలయునా? పౌరుని ప్రయాణసౌకర్యమును ఒక్క వర్తకుని చేతిలోనుంచుట రాజనీతి గాదు.

ఇచ్చట మా పాఠకులలో కొందరు ఒక న్యాయమైన యాక్షేపణము చేయవచ్చును. బస్సు సరిగ రాని గ్రామములు వేలుండగ, విమాన మెక్కగల కొలదిమందికొరకు ప్రజాధనమేల వెచ్చింపవలెను? ఆక్షేపణము త్రోసివేయదగినది గాదు. వరంగల్లునకు విమానము రాకున్న ఎవ్వడును ఆకలితో చావడు. కాని సంగతి ప్రయాణికుని సుఖమొక్కటియే గాదు. పరిశ్రమ పెట్టదలచినవాడు, ఆసుపత్రి తెరువదలచినవాడు, విద్యాలయము స్థాపింపదలచినవాడు మొదట అడుగునది రాకపోకలను గూర్చియే. సర్వమును శంషాబాదు చుట్టునే చేరుటకు ఇదియు నొక కారణము. తొండుపల్లి వంటి పల్లెలలో నేల విలువ యాకాశమంటుచుండగ, వరంగల్లు, ఆదిలాబాదు జిల్లాల యువకులు పని వెదకికొనుచు ఆ నేలమీదికే వచ్చుచున్నారు. అందువలన తొండుపల్లికిని నిష్కళంకమైన లాభము లేదు; తొందరపడి అమ్ముకొన్నవాడు తన చేనుమీద లేచిన భవనములను చూచుచు కూలికి పోవుచున్నాడు. ఒక్కచోట రాశిపోసిన సంపద ఆచోటివారినిగూడ సుఖపెట్టదు. జిల్లాలకు ద్వారములు తెరచుట అందరికిని మేలు.

ఐతే ఆ మేలునకు వెల చెల్లించునది ఎవరో మరువరాదు. మామునూరులో విమానాశ్రయసంస్థకు ఇదివరకే సుమారు 696 ఎకరములు కలవు. క్రొత్తగ తీసికొను 253 ఎకరములు నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడెపల్లి రైతులవి. సేద్యపు నేల పోయిన రైతునకు పరిహారపు సొమ్ము వచ్చును. ఆ సొమ్ముతో అంతటి నేల అదే యూరిచెంత మరల దొరకదు. విమానాశ్రయము వర్ధిల్లినచో అతని త్యాగమునకు అర్థముండును. అతని పిల్లలకు పని దొరకును. రెండేండ్లకు విమానము నిలిచిపోయినచో ఆ నేల పంటకును కాదు, ప్రయాణమునకును కాదు. కంచెలోపల గడ్డి పెరుగుచుండ, కంచెవెలుపల రైతు నిలిచి చూడవలెను. ఏనుగును కొనుట సులభము, మేపుట కష్టమను లోకోక్తి మన మంత్రులకు తెలియనిది గాదు. ఏనుగు కొరకు రైతు చేను తీసికొనుచున్నపుడు మేపుడు లెక్క ముందే చెప్పుట ధర్మము.

కావున మా సూచనలు ఇవి. మొదటిది, భవనమునకు టెండరు పిలుచుటకు ముందే సేవకు ఒడంబడిక జరుగవలెను. ఏ యూళ్లకు, వారమునకు ఎన్నిదినములు, ఎన్నియేండ్లు విమానము నడచునో ఒక సంస్థయైన వ్రాసి యియ్యవలెను, ధరావతు కట్టవలెను, మాట తప్పినచో ఆ ధరావతు జప్తు కావలెను. రెండవది, మూడేండ్ల సహాయము చాలదు. ఏడేండ్లయినను ఇచ్చి, ఏటేట తగ్గించుచు పోవలెను. ఊతకఱ్ఱను ఒక్కసారి లాగివేసిన నడకనేర్చువాడు పడిపోవును. మూడవది, విమానము దినదినమును ఒకే వేళకు రావలెను. వారమునకు మూడుదినముల సేవకు సహాయమే యియ్యరాదు. నాల్గవది, ఒకే మార్గమున గుత్తాధికార మిచ్చుటకు మారుగ, ఒకే విమానాశ్రయమునకు కనీసము ఇద్దరు నిర్వాహకులు వచ్చునట్లు మార్గములను పంచియియ్యవలెను. ఐదవది, రాత్రి దీపములును, పొగమంచులో దిగుటకు కావలసిన యంత్రములును భవనపు శిల్పముకంటె ముందు రావలెను. ఆరవది, విమానపు వేళకు పట్టణమునుండి ఆర్టీసీ బస్సు తప్పక యుండవలెను. శంషాబాదునకు పుష్పక్ బస్సు లున్నపుడు మామునూరునకేల యుండరాదు?

మరియొక్క మాట. 150 కిలోమీటరుల నిబంధన 2033తో ముగియవలసియున్నది. మామునూరునకు లభించిన సడలింపు నిర్వాహకుల సౌజన్యమువలన వచ్చినది. హక్కువలన వచ్చినది గాదు. ఏదో యొక వంకతో ఆ నిబంధనను పొడిగించు ప్రయత్నము జరిగినచో తెలంగాణ ప్రభుత్వము దానిని నిర్ద్వంద్వముగ తిరస్కరింపవలెను. ఆ విమానాశ్రయమున రాష్ట్రమునకు నూటికి పదమూడు వంతుల వాటా కలదు. వాటాదారుగ లాభము చూచుకొనుట తప్పు గాదు. కాని జిల్లాల ప్రజలకు ట్రస్టీగ నుండుట అంతకంటె పెద్దబాధ్యత.

నేడును కేంద్రమున పౌరవిమానశాఖ ఒక తెలుగువాని చేతిలోనే యున్నది. 2024 జూన్ నుండి శ్రీకాకుళమునకు చెందిన కింజరాపు రామమోహననాయుడుగారు ఆ శాఖను నిర్వహించుచున్నారు. ఉడాన్ పథకమును సవరించి రానున్న పదేండ్లలో 120 క్రొత్తచోట్లకు విస్తరింతుమనియు, నాలుగు కోట్లమంది ప్రయాణికులకు సేవ కల్పింతుమనియు 2025 ఫిబ్రవరి బడ్జెటులో ప్రకటించిరి. పదుల సంఖ్యలో క్రొత్త పేర్లు చేర్చుట సులభము. ఆదిలాబాదు, బసంతునగరము, జక్రాన్‌పల్లి మొదలగు పేర్లు మన రాష్ట్రపు జాబితాలలో ఎంతో కాలమునుండి తిరుగుచునే యున్నవి. మంత్రిగారిని మేము కోరునది క్రొత్త పేర్లు గాదు. ఉన్న పేర్లకు ప్రాణము. నూటయిరువది చోట్ల ప్రారంభోత్సవము చేసి పదింటిని నిలుపుకొనుటకంటె, నలువది చోట్ల ప్రారంభించి నలువదింటిని నిలుపుట వారి కీర్తికిని ప్రజల క్షేమమునకును మంచిది.

మామునూరులో తొలి విమానము దిగునాడు పండుగ జరుగును, జరుగవలెను. ఓరుగల్లు ప్రజలు అందులకు అర్హులు. కాని మేము ఆ దినముకొరకు గాక, అది గడచిన ఐదేండ్లకు వచ్చు ఒక సామాన్యదినముకొరకు ఎదురుచూచుచున్నాము. ఆనాడు సభలేదు, పూలదండలేదు, పత్రికలలో వార్తయును లేదు. హన్మకొండ వర్తకుడొకడు తెల్లవారి కాఫీ త్రాగి, గడియారము చూచుకొని, విమానము వచ్చునో రాదో యను సందేహమే లేక మామునూరునకు బయలుదేరును. గాడెపల్లి రైతు కుమారుడు ఆ విమానాశ్రయములో ఉద్యోగమునకు పోవును. అట్టి సామాన్యదినము వచ్చినపుడే ఈ విమానాశ్రయము పునరుద్ధరింపబడినదని మేము నమ్మెదము. అంతవరకు జరుగునదంతయు నిర్మాణము మాత్రమే.